నిద్రించు యంత్రమునకు దూరపు పిలుపు



తాపీనది పొంగినపుడు సూరతు నగరమున కార్యాలయమునకు దారి మూసికొనిపోవుట పాతవారు ఎరిగినదే. 2006 ఆగస్టులో ఉకాయ్ జలాశయమునుండి విడిచిన నీరు నగరములో అధికభాగమును ముంచివేసినది. 2020 మార్చిలో వరద లేకయే, మహమ్మారి కారణమున, అనేకులు ఇండ్లలో నిలిచిపోయిరి. అట్టి దినములలో ఒకరి పింఛను కాగితమో, జీతపు పట్టికయో ఆఫీసు కంప్యూటరులో ఉండును. దాని మీట నొక్కవలసిన చేయి దూరమున ఉండును. ఈ చిక్కును తీర్చునది వేక్-ఆన్-ల్యాన్ అను పద్ధతి.

దీనికి మూలమైన ‘మ్యాజిక్ ప్యాకెట్’ను 1995లో ఏఎమ్‌డీ సంస్థ హ్యూలెట్ పాకార్డుతో కలిసి రూపొందించినది. కంప్యూటరును ఆపివేసినను, ప్లగ్గులో విద్యుత్తు ఉన్నంతవరకు దాని నెట్‌వర్కు కార్డునకు కొద్దిపాటి కరెంటు అందుచుండును. యంత్రము నిద్రించినను చెవి మేలుకొనియుండునన్నమాట. ప్రతి కార్డునకు 48 బిట్ల మ్యాక్ చిరునామా కలదు. పిలుపులో మొదట అన్ని బిట్లును ఒకట్లయిన 6 బైట్లు, పిదప ఆ చిరునామా 16 మారులు, వెరసి 102 బైట్లు ఉండును. ఈ కేకను ఆ నెట్‌వర్కులోని యంత్రములన్నిటికిని వినబడునట్లు వేయుదురు. తన పేరు విన్నది మాత్రమే లేచును.

అమరిక రెండుచోట్ల కావలెను. బయాస్‌లో ఈ సౌకర్యమును అనుమతించి, ఆపినపుడు కరెంటును పూర్తిగా కోసివేయు ‘డీప్ స్లీప్’, ‘ఈఆర్‌పీ’ వంటి పొదుపులను తీసివేయవలెను. విండోస్‌లో కార్డు లక్షణములందు మ్యాజిక్ ప్యాకెట్‌ను అనుమతించి, ‘ఫాస్ట్ స్టార్టప్’ను ఆపవలెను.

అయినను యంత్రము లేవకున్న నేమి చేయవలెను? సూరతు మరమగ్గములపై జీవించు తెలుగు నేతగాండ్రు బట్టలో లోపము కనబడినపుడు మగ్గమును మార్చరు. పోగు ఎక్కడ తెగినదో వెదకుదురు. ఇచటను అంతే. యంత్రమును ఆపి, వెనుక కేబులు చేరుచోట చిన్న దీపము వెలుగుచున్నదా చూడవలెను. ఆరియున్నచో లోపము సాధారణముగా విద్యుత్తులోనో, బయాస్‌లోనో, నెట్‌వర్కు స్విచ్చిలోనో ఉండును. వెలుగుచున్నచో ప్రక్కబల్ల కంప్యూటరునుండి పిలువవలెను. ప్రక్కనుండి లేచి, ఇంటినుండి లేవకున్న దోషము మార్గములోనిది. ఇట్టి కేకలను రౌటర్లు సాధారణముగా దాటనీయవు. అందుచే వీపీఎన్ ద్వారా లోనికి చేరి, ఎల్లవేళల నడచు ఒక యంత్రముచేత అక్కడినుండియే పిలిపించవలెను. రౌటరు ద్వారమును ఇంటర్నెట్టునకు తెరచియుంచుట తగదు; పిలిచినవాడెవడో ఆ పిలుపులో ఋజువు ఉండదు. కరెంటు పోయి వచ్చిన పిమ్మట కొన్ని యంత్రములు ఒకసారి నడచినగాని పిలుపు వినవు. విద్యుత్తు రాగానే అవి తామే లేచునట్లు బయాస్‌లో ఏర్పాటు చేయవలెను.

మరియొక దోషము మిక్కిలి సామాన్యమైనది. సాయంకాలము పొదుపునకై అటెండరు గోడ స్విచ్చులన్నియు ఆర్పి వెళ్లును. దానితో యంత్రము చెవియు మూతపడును. అతనిది మంచి అలవాటే. ఏ స్విచ్చి ఆర్పరాదో ముందుగా చెప్పనివారిదే తప్పు.

కావున వానకాలము రాకముందే మ్యాక్ చిరునామాల పట్టిక వ్రాసియుంచుకొని, ఒక సెలవునాడు ఇంటినుండి పిలిచి చూడవలెను. ఈ పిలుపునకు బదులు రాదు. యంత్రము లేచుటయే బదులు.