దూత రెండవసారీ వచ్చాడు



బదరీవృక్షం క్రింద కూర్చుని, ఇక చాలు, చనిపోతే బాగుండునని కోరుకొన్న ఏలీయా మీకు తెలుసు. దూత వచ్చి ఏమి చేశాడు? గద్దించలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చాడు. నిద్రపోనిచ్చాడు. మళ్లీ వచ్చాడు.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుండి ఎందరో బిడ్డలు కోచింగ్ కొరకు విశాఖ హాస్టళ్లకు వెళ్తున్నారు. 2023లో ఆ నగరంలో నీట్‌కు చదువుతున్న 17 ఏళ్ల అమ్మాయి మరణించింది. తండ్రి సుప్రీంకోర్టు వరకు వెళ్లాడు. 2025 జూలైలో ఆ కేసులోనే కోర్టు ఇలా ఆదేశించింది: విద్యాసంస్థల్లో ఉపాధ్యాయులకే కాదు, బోధనేతర సిబ్బందికి కూడా ఏడాదికి కనీసం 2 సార్లు శిక్షణ ఇవ్వాలి. ప్రమాద సూచనలు గుర్తించడం, మానసిక ప్రథమ చికిత్స, నిపుణుల వద్దకు చేర్చడం నేర్పాలి.

బోధనేతర సిబ్బందికి ఎందుకు? ఆలోచించండి. బిడ్డ కంచంలో అన్నం వదిలేస్తే మొదట చూసేది వంటామె. అర్ధరాత్రి మెట్లమీద ఒంటరిగా కూర్చుంటే చూసేది వాచ్‌మన్.

ఆ వేళ ఏమి చేయాలి? "ఏటయింది నాయనా?" అంటూ ప్రక్కన కూర్చోండి. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగినందువలన ఆ తలంపు పుట్టదు. ఒంటరిగా విడువకండి. టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి; ప్రాణాపాయమైతే 108కి. కేసవుతుందని దాచకండి, 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం అటువంటివారిని శిక్షించవద్దంటోంది, ఆదరించమంటోంది.

సంఘ పెద్దలారా, ప్రార్థించండి. కాని డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లడం ఆలస్యం చేయకండి. తల్లిదండ్రులారా, ఈ వారమే హాస్టలువారిని అడగండి: "ఈ ఏడాది మీ సిబ్బందికి శిక్షణ జరిగిందా?" జవాబు రాకపోతే రెండవసారీ అడగండి.

దేవుడు మిమ్మును దీవించును గాక.