పారవేయుట – పారవేసికొనుట
(భిలాయి నగరమున తెలుగు ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగము)



1959 ఫిబ్రవరి 4వ తేదీన నాటి రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాదుగారు భిలాయిలో మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించిరి. అట్టి కొలిమి నుండి రెండు ధారలు వెలువడును. ఒకటి ఇనుము. రెండవది, రాజ్‌హరా ఖనిజములోని మలినములు నందిని సున్నపురాతితో కలిసి కరిగి, తేలికగుటచే ఇనుముపై తేలియాడు పదార్థము. కర్మాగారమున దానిని స్లాగు అందురు. తెలుగు కమ్మరి దానిని ఎన్నడో చిట్టెము అనినాడు. వైద్యుడు మండూరమని పేరు పెట్టి, చిరకాలము నిలువయున్న దానిని ఏరి, శుద్ధిచేసి, పాండురోగమునకు భస్మముగా ఇచ్చినాడు. టన్ను ఇనుమునకు సుమారు 300 నుండి 400 కిలోల చిట్టెము వచ్చును. దానిపై నీటిధారలు కొట్టి, ఇసుకవలె నలుగగొట్టి, సిమెంటు తయారీకి పంపుదురు. తుక్కు ఇనుము మరల ఉక్కు కొలిమిలోనికే పోవును.

ఇట్టి ఊరిలో ‘పారవేయుట’ అను క్రియకు పని తక్కువ. ఐనను ఆ మాటకు తెలుగున గల చుట్టరికము చాల పెద్దది. దానిని ఒకమారు తీరికగా చూడవలసియున్నది. ఏలయన ఈ ఊరి తెలుగు ఇండ్లలో ఆ చుట్టములు ఒక్కరొక్కరే కనుమరుగగుచున్నారు.

పారవేయుటకు ప్రాచీన రూపము ‘పాఱవైచు’. పాఱుట యనగా పరుగెత్తుట, ప్రవహించుట. ఏరు పాఱును, దొంగ పాఱిపోవును. కావున పాఱవైచుట యనగా మరల చేతికి చిక్కకుండ దూరముగ పోవునట్లు వేయుట. హిందీవారి ‘ఫేంక్ దేనా’లో తోడు వచ్చినది ఇచ్చుట, మన మాటలో తోడు వచ్చినది వేయుట. ఈ వేయుట ఎంత చొరవ గలదనగా, విసరుటతో ఏ సంబంధమును లేని పనులకు కూడ అంటుకొని వాటిని ముగించును: తినివేసెను, చదివివేసెను, అమ్మివేసెను. పని పూర్తి యగుటయనగా చేతినుండి వదలుటయే యని తెలుగువాడు తలచెనేమో! కార్యాలయములలో కట్టలకొలది పనిని సాయంకాలము అయిదు గంటలలోపల ‘చేసివేయు’ వారిని చూచినచో ఈ ఊహకు బలము చేకూరును.

పోనిండు. వస్తువునుబట్టి మాట మారుట గమనింపదగినది. కాగితమును పారవేయుదురు, కడుగునీళ్ళను పారబోయుదురు. పాలు చేయిజారి పోయినచో అది పారబోయుట కాదు, ఒలకబోయుట. రాతిని గురిచూచి రువ్వుదురు. కోపమున చేతిలోనిదానిని గిరాటు వేయుదురు. బట్టలను విడుతురు, పాము కుబుసమును విడుచును, మనిషి ఊపిరిని విడుచును. విడుచుటలో బలప్రయోగము లేదు. పట్టు సడలుట మాత్రమే కలదు. త్యజించుటకు విలువగల వస్తువు ఉండవలెను, అది తనదై ఉండవలెను. ఇంటి చెత్తను త్యజించితినని ఎవడైన అనినచో నవ్వుదురు. ఒరుల సొత్తును త్యజించితినని అనినచో నవ్వి ఊరకుండరు.

మిగిలిపోయినదానికి గూడ తెలుగు ఇల్లు పేరు పెట్టక విడువలేదు. ధాన్యములో గింజలేనిది తాలు. దంపగా పైపొర ఊక, లోపొర తవుడు, విరిగిన గింజ నూక. చెరకు నమిలిన పిమ్మట పిప్పి, నూనె అడుగున మడ్డి, గానుగనుండి తెలగపిండి. ఊక పొయ్యిలోనికి, తవుడు పశువునకు, నూక ఉప్మాకు. పేరున్నంతవరకు ఆ వస్తువు చెత్త కాలేదు. పనికి పిలువబడుటకు సిద్ధముగనే ఉన్నది. మిశ్రమముగా కుప్పపడి పేరు పోగొట్టుకొన్నదే చెత్త.

ఇంతకంటె సున్నితమైన విషయము మరియొకటి కలదు. తెలుగు గృహిణి కొన్నిటిని ఎంతమాత్రమును ‘పారవేయదు’. భోజనానంతరము విస్తళ్ళను ‘ఎత్తును’. దేవుని నిర్మాల్యమును ‘తీయును’, నీట ‘విడుచును’. అది కృష్ణయైనను, దుర్గు ప్రక్కన ప్రవహించు శివనాథయైనను ఒకటే. బియ్యము అయిపోయినవనదు, ‘నిండుకొన్నవి’ అనును. దీపము ఆరినదనదు, ‘కొండెక్కినది’ అనును. ఈ మర్యాద నెమ్మదిగా వంటయింటినుండి కచేరీలోనికి వచ్చినది. పూజాంతమున దేవతను సాగనంపు క్రియ ఉద్వాసన. పదవినుండి తొలగింపబడిన ఉద్యోగికి కూడ మనవారు ‘ఉద్వాసన’ చెప్పిరి. పితృదేవతలకు విడుచు నువ్వులనీళ్ళు తిలోదకములు. నియమములను గట్టున పెట్టినవాడు వాటికి ‘తిలోదకములిచ్చినాడు’. విన్నపమును చించి పారవేసితిమని చెప్పుటకు అధికారులకు నోరాడదు, ‘బుట్టదాఖలు’ చేసితిమందురు. దాఖలు అనగా క్రమబద్ధముగా చేర్చుట! ఇంకను దయగలవారు కాగితమును ‘అటకెక్కింతురు’. అటకెక్కినదానికి ఎన్నటికైన దిగు ఆశ కలదు. త్రోసిపుచ్చినదానికి ఆ ఆశ లేదు. తొలగించుట అను అర్థముగల ‘పరిహారము’ నేడు నష్టమునకిచ్చు సొమ్మైనది. కర్మాగారమునకై పొలములు విడిచిన ఇచ్చటి పల్లెవారికి లభించినదియు అదే.

ఇక అసలు విషయము. పారవేయుటకు చివర ‘కొను’ చేర్చినచో ‘పారవేసికొనుట’ యగును. ఈ చిన్న ప్రత్యయముతో అర్థము తలక్రిందులైనది. పారవేయువాడు తెలిసి చేయును; పారవేసికొనువాడు తెలియక పోగొట్టుకొనును. హిందీలో వస్తువు ‘గుమ్’ అగును, అనగా అది తనంతట తానే మాయమగును, ఎవరి దోషమును లేదు. తెలుగు మాత్రము ఆ వెసులుబాటు ఇయ్యదు. తాళపుచెవి కనబడనిచో, పారవేసిన చేయి నీదే, నష్టము నీదే, ఉద్దేశము మాత్రము నీది కాదు అని ఒక్క మాటలో తీర్పు చెప్పును. అట్లే కోపమున తగనిమాట ఆడినవాడు ‘నోరు పారవేసికొన్నాడు’. పోయినది ఎదుటివాని పరువు కాదు, తన నోరే.

కర్మాగార నిర్మాణ కాలమున, ఆ తరువాతను, శ్రీకాకుళ విశాఖ మండలములనుండి పలువురు ఇచ్చటికి వచ్చిరి. విజయనగరమును రాయపురముతో కలుపు రైలుదారి 1931 నాటికే పూర్తియై యుండుటచే రాక సుళువైనది. వారి మనుమలు నేడు ఈ సెక్టార్లలో పెరుగుచున్నారు. వారిలో పెక్కుమంది తెలుగు మాటలాడుదురు, సందేహము లేదు. కాని పారబోయుట, ఒలకబోయుట, రువ్వుట, విడుచుట, ఎత్తుట — అన్నిటికిని బదులు వారికి ‘పారేయ్’ ఒక్కటియే మిగిలినది. పూజపూలను పారేయ్, పాలు పారేశాను, విస్తరి పారేయ్. ఇంట పెద్దవారు ఉన్నచోట ఈ మాట విని ఉలికిపడుదురు. లేనిచోట ఉలికిపడువారును లేరు. హిందీ నేర్చుట ఇందుకు కారణమనుట సరికాదు. హిందీ వారికి అన్నము పెట్టు భాష, ఆటపాటల భాష. పెద్దలు సెలవులకు ఊరు పోవుట తగ్గినది, పిల్లలతో వంటయింటిలో మాటలాడు పొద్దును తగ్గినది. ఈ మాటలను ఎవరును తెలిసి పారవేయలేదు.

ఇటువంటి ఇంట బడినుండి వచ్చిన పిల్ల సంచిలో పెన్సిలు ఉండదు. ‘మళ్ళీ పారేసుకున్నావా?’ అని తాత అడుగును. పిల్ల కండ్లనీరు పెట్టుకొని, ‘లేదు తాతా, నేను పారేయలేదు’ అనును. పిల్ల అబద్ధమాడలేదు. తాత తప్పడుగలేదు. ఇద్దరి నడుమ పోయినది ‘కొను’ ఒక్కటే. తాతకు కోపము వచ్చును, పిల్లకు అన్యాయము జరిగినట్లుండును, తల్లి వచ్చి హిందీలో సర్దిచెప్పును.