ఇన్‌సోల్ వేసుకుని నడిచేవారికి, పరిగెత్తేవారికి నాలుగు మాటలు

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి మాట్లాడవలసిన వేదిక మీద నన్ను పాదాల గురించి మాట్లాడమన్నారు. "పావుగంట చాలు, అందరికీ పనికొచ్చేది చెప్పండి" అని కార్యదర్శి గారి ఉత్తర్వు. నాకు తెలిసిన విద్య ఒక్కటే. ప్రభుత్వ ఆసుపత్రిలో కృత్రిమ అవయవాల విభాగంలో 31 సంవత్సరాలు పాదాలకు అచ్చులు తీశాను, చెప్పులకు అడుగులు కట్టాను, బూట్లలో వేసే మెత్తలు తయారుచేశాను. వీటినే ఇప్పుడందరూ ఇన్‌సోల్స్ అంటున్నారు. కనుక వాటి గురించే మనవి చేస్తాను.

ఉద్యోగ విరమణ తరువాత నేను గచ్చిబౌలిలో మా అమ్మాయి ఇంట్లో ఉంటున్నాను. మీలో చాలామంది కూడా మలక్‌పేటలోనో, విద్యానగర్‌లోనో ఇల్లు అద్దెకిచ్చి, పిల్లల దగ్గరికి కొండాపూర్, మాదాపూర్ వైపు వచ్చినవారే. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటికి ఆ చుట్టుపక్కల ఎక్కువగా బండరాళ్లూ తుప్పలే. ఇప్పుడు తెల్లవారుజామున ఐదు గంటలకు చూడండి. బొటానికల్ గార్డెన్‌లో, దుర్గం చెరువు గట్టున, గచ్చిబౌలి స్టేడియం దగ్గర, ఎక్కడ చూసినా నడిచేవారూ పరిగెత్తేవారూ. రోజంతా కంప్యూటరు ముందు కూర్చునే పిల్లలు తెల్లారేసరికి పది కిలోమీటర్లు పరిగెత్తి వస్తున్నారు. వారి వెనకాల వారి తల్లిదండ్రులు, అంటే మనం, వారు కొనిపెట్టిన ఖరీదైన బూట్లు వేసుకుని నడుస్తున్నాం.

ఆ బూట్లలో చాలావాటిలో ఇన్‌సోల్ ఉంటుంది. ఒకరికి మడమ నొప్పి, ఒకరికి చదును పాదం, మరొకరికి మోకాళ్ల బాధ. డాక్టరు రాసి ఉండవచ్చు, లేదా అబ్బాయి ఆన్‌లైన్‌లో తెప్పించి ఉండవచ్చు. నేను పాదాల పని చేసినవాణ్ని అని తెలియగానే పార్కులో బెంచీ మీద కూర్చోబెట్టి చెప్పే మాట దాదాపు ఒకటే. "మడమ నొప్పి తగ్గింది గానీ బొబ్బలు లేస్తున్నాయండీ. తీసి అవతల పారేశాను." ఇన్‌సోల్ తీసేస్తే నొప్పి మళ్లీ వస్తుంది. నొప్పి వస్తే నడక మానేస్తారు. ఈ వయసులో ఒకసారి మానిన నడకను మళ్లీ మొదలుపెట్టిన వారిని నేను తక్కువమందినే చూశాను. బొబ్బ చిన్నదే, కానీ అది మాన్పించేది చిన్నది కాదు.

ముందు బొబ్బ ఎలా వస్తుందో చూద్దాం. మన భాషలో "చెప్పు కరిచింది" అంటాం. ఆ మాట వినగానే చర్మం పైపైన ఒరుసుకుపోయిందని అనుకుంటాం. అసలు సంగతి అది కాదు. మీ ఎడమచేతి వెనుక భాగం మీద కుడిచేతి చూపుడువేలు గట్టిగా ఆనించండి. వేలు జారనివ్వకుండా ముందుకూ వెనక్కూ కదపండి. చర్మం వేలితో పాటే పోతుంది, లోపలి ఎముక ఉన్నచోటే ఉంటుంది. ఆ రెంటి నడుమ ఉన్న పొరలు సాగుతాయి. బూటులో కూడా ఇదే జరుగుతుంది. ఎముక ముందుకు పోతుంది, చర్మం మేజోడుకు అతుక్కుని ఆగిపోతుంది. ఇలా వేలసార్లు సాగాక లోపలి పొర చిరుగుతుంది, ఆ చిరుగులోకి నీరు చేరుతుంది. అదే బొబ్బ. 21 కిలోమీటర్ల హాఫ్ మారథాన్ అంటే రెండు కాళ్లకూ కలిపి దగ్గరదగ్గర 20 వేల అడుగులని గుర్తుంచుకోండి. చెమటకు తడిసిన చర్మం మేజోడును ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. 2011లో మొదలైన హైదరాబాద్ మారథాన్ సాధారణంగా ఆగస్టు చివర్లో పెడతారు. పొద్దున్నే ఉక్క, మధ్యలో జల్లు. పైగా ఫ్లైఓవర్లు ఎక్కి దిగాలి. దిగేటప్పుడు పాదం ముందుకు జారి వేళ్లు బూటు ముక్కుకు కొట్టుకుంటాయి. గచ్చిబౌలి స్టేడియం చేరేసరికి మేజోళ్లు పిండితే నీళ్లు కారతాయి.

మరి ఇన్‌సోల్ వేస్తే బొబ్బలు ఎందుకు ఎక్కువవుతాయి? బూటు లోపల ఉన్న చోటును అది ఆక్రమిస్తుంది కనుక. నేను చూసిన వాటిలో సగానికి పైగా ఒకే కథ. బూటుతో పాటు కంపెనీవారు ఇచ్చిన మెత్త అలాగే ఉంచి, దానిమీద కొత్తది పరుస్తారు. రెండు పరుపుల మీద పడుకున్నట్టు పాదం పైకి లేస్తుంది. మడమ తన గూటిలోంచి పైకి వచ్చి బూటు వెనుక అంచుకు ఒరుసుకుంటుంది, వేళ్లు పైకప్పుకు తగులుతాయి. కనుక మొట్టమొదట పాత మెత్త తీసేయండి. అది తీశాక కూడా ఇరుకుగా ఉంటే ఆ బూటు ఆ ఇన్‌సోల్‌కు పనికిరాదు, ఎంత ఖరీదైనా సరే. కొత్త బూట్లు కొనేటప్పుడు ఇన్‌సోల్ చేతిలో పట్టుకుని వెళ్లండి. రోజూ వేసుకునే మేజోళ్లు కూడా తీసుకెళ్లండి. సాయంత్రం పూట వెళ్లండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. నిలబడినప్పుడు అన్నిటికన్నా పొడుగు వేలికీ బూటు కొసకూ మధ్య బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. దుకాణంలో కుర్రవాడు "వాడగా వాడగా సాగుతుంది సార్" అంటాడు. తోలు చెప్పు సాగుతుంది గానీ, ఈ పరుగు బూట్లు అంతగా సాగవు.

రెండో చోటు పాదం లోపలివైపు ఉన్న వంపు. మా అల్లుడికి వచ్చింది ఇక్కడే. ఆయనది చదును పాదం. అచ్చు తీయించి గట్టి ప్లాస్టిక్ ఇన్‌సోల్ చేయించుకున్నాడు. తెచ్చిన మర్నాడే దానితో ఎనిమిది కిలోమీటర్లు పరిగెత్తి, రెండు వంపుల్లోనూ రూపాయి బిళ్లంత బొబ్బలతో వచ్చాడు. ఇన్‌సోల్‌లో లోపమేమీ లేదు, నేను చేత్తో తడిమి చూశాను. కానీ ఆ వంపులోని చర్మం పుట్టి బుద్ధెరిగాక బరువు మోయలేదు. పార పట్టే రైతు అరచేతికి కాయలు కాచి ఉంటాయి, ఎంత తవ్వినా ఏమీ కాదు. అదే పార పట్నం కుర్రవాడి చేతికిస్తే పది నిమిషాల్లో బొబ్బలెక్కుతాయి. వంపు చర్మానికీ అలవాటు కావాలి. మొదటి రోజు ఇంట్లోనే ఒక గంట వేసుకోండి. రోజుకో గంట పెంచండి. ఉదయం నుంచి సాయంత్రం దాకా వేసుకున్నా అది ఉన్నదన్న స్పృహ లేనప్పుడు నడకకు వాడండి. పరుగు అన్నిటికన్నా చివర, రెండు మూడు వారాలు గడిచాక, అదీ రెండు కిలోమీటర్లతో మొదలు. మా అల్లుడికి ఈ సలహా నచ్చలేదు. ఆఫీసులో ప్రాజెక్టు గడువు లాగా మారథాన్‌కు కూడా గడువు ఉంటుందట! అయినా బొబ్బలు మానేదాకా ఎలాగూ ఆగవలసి వచ్చింది కనుక, నా పద్ధతికే వచ్చాడు. మూడు వారాలు ఆగినా అదే బాధ ఉంటే ఎత్తు సరిపడలేదన్న మాట. చేసిన వారి దగ్గరికే తీసుకెళ్లి వంపు కొంచెం అరగదీయించాలి. సరిచేయించుకోవడానికి మొహమాట పడవద్దు. మా విభాగంలో మొదటిసారికే అమరిన మెత్తలకన్నా రెండోసారి సానపట్టినవే ఎక్కువ. ఇన్‌సోల్ బూటులో జారకూడదు, అంచు మడత పడకూడదు. కత్తిరించినప్పుడు గరుకు మిగిలితే గరుకు కాగితంతో రుద్దండి.

మేజోళ్ల విషయంలో మన తరానికి నూలు మీద మమకారం ఎక్కువ. చొక్కాకు నూలే మంచిది, కాదనను. కానీ పరుగులో నూలు మేజోడు చెమటను పీల్చి తనలోనే ఉంచుకుంటుంది, తడిగుడ్డలా పాదానికి చుట్టుకుంటుంది. చెమటను బయటికి పంపే సింథటిక్ మేజోళ్లు మేలు. పలచనివి రెండు జతలు ఒకదానిమీద ఒకటి వేసుకునే పద్ధతి కూడా ఉన్నది. అప్పుడు రాపిడి రెండు గుడ్డల మధ్య జరుగుతుంది, చర్మం బతికిపోతుంది. కానీ రెండో జతకు బూటులో చోటుండాలి సుమా! లేకపోతే మళ్లీ మొదటి కథే.

తాడు కట్టే విధానం కూడా చెబుతాను. పరుగు బూట్లకు పైన చివర అదనంగా ఒక కన్నం ఉంటుంది. చాలామంది దాన్ని వాడరు. తాడును అదే వైపు పై కన్నంలోకి దూర్చి చిన్న ఉచ్చులా వదలండి. రెండు వైపులా అలా చేసి, ఈ వైపు తాడు ఆ వైపు ఉచ్చులోంచి తీసి బిగించి కట్టండి. మడమ గూటిలో కూర్చుంటుంది, పైకి లేవదు. దీనికి పైసా ఖర్చు లేదు, పెన్షనర్లకు తగిన చికిత్స.

ఇక పూతల సంగతి. వాజలైన్ రాస్తే మొదట్లో జారుడుగా బాగానే ఉంటుంది. చాలాసేపు గడిచాక రాపిడి మొదటికన్నా పెరుగుతుంది. అరగంట నడకకు చాలు, దూరపు పరుగుకు దాన్నే నమ్ముకోకూడదు. చెమట తగ్గించే అల్యూమినియం క్లోరైడ్ మందును అమెరికాలో వెస్ట్ పాయింట్ సైనిక విద్యార్థుల మీద పరీక్షించి 1998లో ప్రకటించారు. 21 కిలోమీటర్ల నడకలో, మందు రాసినవారిలో నూటికి 21 మందికి, రాయనివారిలో 48 మందికి బొబ్బలు వచ్చాయి. బాగానే ఉన్నదే అనుకుంటాం. అయితే మందు రాసినవారిలో నూటికి 57 మందికి చర్మం మండి ఎర్రబడింది. ఇరవై ఏళ్ల కుర్రాళ్ల చర్మమే అలా అయితే మన చర్మం మాటేమిటి? అందుకని నేను దాన్ని సిఫారసు చేయను. నేను చేసేది మందుల షాపులో దొరికే మామూలు కాగితపు ప్లాస్టరు, మనం మైక్రోపోర్ అంటామే, అది. స్టాన్‌ఫర్డ్ వైద్యులు ఎడారుల్లో సుమారు 250 కిలోమీటర్లు పరిగెత్తే 128 మంది మీద దీన్ని పరీక్షించి 2016లో ప్రచురించారు. ప్లాస్టరు వేసిన చోట్ల బొబ్బలు సుమారు 40 శాతం తగ్గాయి. బొబ్బ లేచాక కాదు, లేచే చోటు తెలిసి ముందే, పాదం పొడిగా ఉన్నప్పుడు ముడతలు లేకుండా ఒక్క పొర అంటించాలి. పరుగు మధ్యలో ఎక్కడైనా వేడిగా చురుక్కుమంటే ఆగిపోండి. చాలామంది "ఇంకో కిలోమీటరే కదా" అని పోతారు. ఆ కిలోమీటరులోనే చర్మం చిరిగేది.

ఇంతవరకు చెప్పినది పాదంలో స్పర్శ ఉన్నవారికి. షుగరు ఉన్నవారు ఇక్కడి నుంచి కాస్త శ్రద్ధగా వినవలసిందిగా కోరుతున్నాను.

నేను పని నేర్చుకున్నది కుష్ఠు రోగుల చెప్పులు చేసేచోట. 1946లో వెల్లూరు వైద్య కళాశాలకు వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్ ఒక సంగతి రుజువు చేశారు. ఆ రోగుల పాదాలు వాటంతటవి కుళ్లిపోవడం లేదు. నొప్పి తెలియక, ఒకే చోట ఒత్తిడి పడుతున్నా నడుస్తూనే ఉండటం వల్ల పుండ్లు పడుతున్నాయి. ఆ ఒత్తిడిని పంచడానికి సన్నని గాలిగదులున్న మెత్తని రబ్బరుతో చెప్పులు చేయించారు. మీలో కొందరు ఇవాళ వేసుకొచ్చిన ఎం.సి.ఆర్. చెప్పులు ఆ కోవలోవే. షుగరు వల్ల నరాలు దెబ్బతిన్న పాదానిదీ ఇదే స్థితి. ఒక మిత్రుడు, మన తోటి పెన్షనరే, కొత్త ఇన్‌సోల్ వేసుకుని మూడు రోజులు హాయిగా నడిచారు. ఏ బాధా లేదు. నాలుగో రోజు మేజోడు మీద మరక చూసి ఆయన శ్రీమతి అడిగితే గానీ ఆయనకు తెలియలేదు. అరికాలి బొబ్బ పగిలి, అడుగున పచ్చిపుండు. రెండు నెలలు కట్లు కట్టించుకున్నారు. వేలు దక్కింది.

కాబట్టి షుగరు ఉన్నవారు "నొప్పి లేదు గనక బాగుంది" అనుకోవద్దు. కొత్త ఇన్‌సోల్ వేసిన రోజుల్లో గంటకోసారి విప్పి చూడాలి. ఎర్రటి మచ్చ పావుగంటలో పోకపోతే ఆ ఇన్‌సోల్ ఆపి, చేసినవారికి చూపించాలి. వంగలేనివారు నేలమీద అద్దం పెట్టుకుని అరికాలు చూసుకోవచ్చు, లేదా ఇంట్లోవారు చూడాలి. బూటులో కాలు పెట్టే ముందు చెయ్యి పెట్టి తడమండి. మనవడి బొమ్మ చక్రం, మడతపడిన బిల్లు కాగితం నేను స్వయంగా బయటికి తీశాను. ఆనెలకు బ్లేడు వాడవద్దు, మందుల షాపులో దొరికే ఆనెల ప్లాస్టర్లూ వద్దు. వాటిలో ఉండే ఆసిడ్ మంచి చర్మాన్నీ తింటుంది. షుగరు మనిషికి బొబ్బ వస్తే ఇంట్లో సూదితో పొడవకుండా అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లాలి. మిగిలినవారు చిన్న బొబ్బను అలాగే వదిలి, శుభ్రమైన కట్టు కట్టుకుంటే చాలు. నీరు పోయినా పైచర్మం పీకవద్దు. దానికన్నా మంచి కట్టు ఏ కంపెనీ చేయలేదు. ఎర్రబడి పొక్కు చుట్టూ వేడి కొట్టినా, చీము కనిపించినా ఆలస్యం చేయవద్దు.

అధ్యక్షుల వారు గడియారం చూస్తున్నారు. నా సంచిలో పది గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగు ఒకటి ఉన్నది. కళ్లు మూసుకున్నప్పుడు అది అరికాలికి తగిలిన సంగతి తెలుస్తున్నదో లేదో చూస్తే, పాదంలో స్పర్శ ఎంత మిగిలిందో తేలుతుంది. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు చాలు. పక్క గదిలో రెండు కుర్చీలు వేయించాను. షుగరు ఉన్నవారు ముందుగా రండి. ఇన్‌సోల్ వాడేవారు దాన్ని బూటులోంచి తీసి పట్టుకుని రండి. భోజనాల పిలుపు వచ్చేలోగా వీలైనంత మందిని చూస్తాను.