లోపం లేదా, కనబడలేదా?

(కృష్ణానగర్‌లో జరిగిన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఇంజనీరును కాను, గుమాస్తాగా రిటైరైనవాణ్ణి. వంతెనల తనిఖీ గురించి కాగితాల మనిషిగానే నాలుగు మాటలు మనవి చేస్తాను.

2007 సెప్టెంబరు 9న మన పంజగుట్టలో కూలిన ఫ్లైఓవరు ఇంకా కడుతున్నది. నేను చెప్పబోయేది ఏళ్ల తరబడి బరువు మోసే ఉక్కు సంగతి. రాజమండ్రి హేవలాక్ వంతెన 1900 నుంచి 1997 వరకు రైళ్లను మోసింది. బండి వెళ్లిన ప్రతిసారీ ఉక్కు రవంత వంగి లేస్తుంది. లక్షలసార్లు అలా జరిగితే రివెట్టు రంధ్రం దగ్గరో, అతుకు దగ్గరో వెంట్రుకవాసి పగులు పుట్టవచ్చు.

ఉక్కును కోయకుండానే దాన్ని పట్టే పద్ధతులున్నాయి. ఎర్రరంగు ద్రవం పూసి, తుడిచి, తెల్లపొడి చల్లితే పైకి తెరుచుకున్న పగులు ఎర్రగీతగా కనబడుతుంది. అయస్కాంతం పెట్టి ఇనుపరజను చల్లితే పగులు దగ్గర రజను పోగవుతుంది. లోపలి పగులుకు అల్ట్రాసోనిక్ పరీక్ష చేస్తారు. కుండ కొనేటప్పుడు ఆడవాళ్లు వేలితో కొట్టి వింటారే, ఇంచుమించు అటువంటిదే. చెవికి వినబడని శబ్దాన్ని ఉక్కులోకి పంపుతారు. అది సెకనుకు సుమారు 5,900 మీటర్ల వేగంతో పోయి, పగులు తగిలితే ముందే తిరిగి వస్తుంది. ఆ వ్యవధిని బట్టి పగులు ఎంత లోతున ఉందో లెక్క కడతారు.

అయితే పరికరం చేరని చోట ఏ పరీక్షా పనిచేయదు. అమెరికాలో సిల్వర్ బ్రిడ్జి 1967 డిసెంబరు 15న కూలి 46 మంది మరణించారు. ఒక ఉక్కు కడ్డీ కన్నంలో సుమారు రెండున్నర మిల్లీమీటర్ల లోతు పగులే కారణం. ఆ కీలు విప్పితే తప్ప ఆనాటి పద్ధతులకు అది దొరికేది కాదని దర్యాప్తులో తేలింది.

అందుచేత రిజిస్టరులో "లోపము లేదు" అని రాయడం వేరు, "ఫలానా చోట, ఫలానా పద్ధతిలో చూడగా లోపము కనబడలేదు, ఫలానా భాగము చూడ వీలుపడలేదు" అని రాయడం వేరు. మొదటిది ఫైలు మూస్తుంది. రెండవది తరువాత వచ్చేవాడికి పని చూపిస్తుంది. పగులు కనబడితే దాని కొలత, తేదీ రాయాలి. కిందటి కొలత లేనిదే అది పెరుగుతున్నదో లేదో చెప్పేదెలా?

2005 నాటి సమాచార హక్కు చట్టం మన చేతిలో ఉంది. అర్జీ రాయడం మనకు కొత్త కాదు. మన మనుమలు దాటే వంతెనలను చివరిసారి ఎప్పుడు చూశారు, ఏ పద్ధతిలో చూశారు, ఏ భాగం చూడలేదు అని అడుగుదాం. సంఘం తరఫున ఆ అర్జీ పంపవలసిందిగా ప్రతిపాదిస్తూ సెలవు తీసుకుంటున్నాను.