నరసింహారెడ్డి చరిత్రకు ఇద్దరు సాక్షులు

  

ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వీరుడని కుందూ నది ఒడ్డు జనం ఏనాడో తీర్పు చెప్పారు. దాన్ని తిరగతోడే పని మనకు లేదు. ఆయన ఎలాంటి సేనాని, కుంఫిణీకి ఎదురుగా ఆయన వెంట అంతమంది ఎందుకు నడిచారు అన్నవే నంద్యాలలోని ఈ సదస్సు తేల్చవలసిన ప్రశ్నలు. వీటికి జవాబు చెప్పడానికి మనకు ఇద్దరు సాక్షులున్నారు. ఒకరు కుంఫిణీ దస్తరం, మరొకరు రేనాటి పాట. ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టి విననిదే ఆ మనిషి మనకు పూర్తిగా దొరకడని నా నమ్మకం.

1800లో నిజాం ఈ రేనాటి సీమను కుంఫిణీకి అప్పగించాడు. ఆ ఏడు నుంచి 1807 దాకా థామస్ మన్రో ఇక్కడ ప్రధాన కలెక్టరు. ఆయన హయాంలో పాలెగాళ్ల కోటలూ బలగాలూ పోయి, వాటి స్థానంలో నెలసరి భరణాలు వచ్చాయి. నొస్సం పాలెగాడు జయరామిరెడ్డి నరసింహారెడ్డికి తల్లివైపు పెద్ద. ఆయన పోయాక నొస్సం భరణాన్ని కుంఫిణీ ఆపేసింది. నరసింహారెడ్డికి మిగిలింది నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైలు. తాతల నాడు సీమను ఏలిన ఇంటివాడు ఆ కాస్త సొమ్ము కోసం కోయిలకుంట్ల ఖజానా గడప తొక్కాల్సి వచ్చింది.

జనం చెప్పుకునే కథ ఇక్కడే మొదలవుతుంది. భరణం తెమ్మని పంపిన మనిషిని తాసిల్దారు అవమానించి పంపాడు, ఆ మాట విని రెడ్డి కత్తి దూశాడు. ఈ సాక్ష్యాన్ని నేను తేలిగ్గా తీసుకోను. మానం పోయాక బతుకెందుకనుకునే సీమ ఇది. అయితే ఒక్కడికి జరిగిన అవమానం ఒక్కడిని తిరగబడేలా చేస్తుంది గానీ, వందలమందిని ప్రాణాలకు తెగించేలా చేయదు. ఆ వందలమంది ఎక్కడి నుంచి వచ్చారో తెలియాలంటే దస్తరం తిప్పాలి.

పల్లెల్లో కావలి కాసే కట్టుబడులకు ఆ కొలువు కింద మాన్యాలుండేవి. మాన్యందారు చనిపోతే ఆ భూమిని సర్కారు తిరిగి కలుపుకోవడం మొదలుపెట్టింది. తండ్రి దున్నిన నేల కొడుక్కి దక్కదన్న భయం ఊరూరా పాకింది. నరసింహారెడ్డి బలగానికి వెన్నెముక ఈ కట్టుబడులే. ఊళ్ల దారులు, కొండల మరుగులు, రాత్రి కావలి, ఆయుధం పట్టడం వాళ్లకు తరతరాల విద్య. తన కష్టాన్ని వాళ్ల కష్టంతో కలిపి ఒక్క దండుగా నడిపించడంలోనే ఆయన సేనానిత్వం ఉంది. వడ్డె ఓబన్న లాంటి అనుచరుడి పేరు ఆయన పేరు పక్కనే నేటికీ నిలిచి ఉండడానికి కారణమూ అదే.

1846 జూలైలో ఆ దండు కోయిలకుంట్ల ఖజానా మీద పడింది. తర్వాత మిట్టపల్లి, రుద్రవరం వైపు సాగింది. గిద్దలూరు దగ్గర కుంఫిణీ బలగాలతో తలపడి నల్లమల చేరింది. అప్పట్లో కోయిలకుంట్ల కడప జిల్లాలో ఉండేది. కడప కలెక్టరు కాక్రేన్ అదనపు బలగాలను దించి, నరసింహారెడ్డి తలకు వెల కట్టాడు. అయినా ఆయన అక్టోబరు దాకా చిక్కలేదు. మూడు నెలలపాటు ఒక సామ్రాజ్యాన్ని ఆయన కొండల్లో తిప్పగలిగాడంటే, అందుకు ఆయన ధైర్యం ఎంత కారణమో, తిండి పెట్టి జాడ చెప్పని పల్లెలూ అంతే కారణం. చివరికి పేరుసోముల దగ్గరి కొండ మీద పట్టుబడ్డాడు.

తర్వాతి కథను దస్తరం అంకెల్లో చెబుతుంది. అభియోగం మోపకుండా విడిచిపెట్టినవారు 412 మంది, శిక్ష పడినవారు 112 మంది. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో రెండువేలమందికి పైగా జనం చూస్తుండగా నరసింహారెడ్డిని ఉరితీశారు. ఆయన తలను 1877 దాకా కోట గోడ మీదే ఉంచారు. ముప్పై ఏళ్లు! ఆ తల కిందుగా సంతకు వెళ్లి వచ్చిన జనమే ఆయన్ని పాటలో నిలుపుకున్నారు. రాజ్యం భయం నేర్పాలని చూసిన చోట జనం గౌరవం నేర్చుకున్నారు.

జనం ఇలా గుర్తుంచుకున్న సేనాని కథ ఇరాన్‌లోనూ ఉంది. పర్షియన్ గల్ఫ్ ఒడ్డున దెల్వార్ అనే ఊళ్లో 1882లో రయీస్ అలీ దెల్వారీ పుట్టాడు. మొదటి ప్రపంచయుద్ధంలో, 1915 ఆగస్టులో, బ్రిటిష్ వారు బుషెహర్ రేవును ఆక్రమించినప్పుడు తంగెస్తాన్ ప్రాంతపు తుపాకీ వీరులను కూడగట్టి ఎదిరించాడు. ఆ బ్రిటిష్ దండులో మన దేశపు సిపాయిలూ ఉన్నారు. సెప్టెంబరులో ఒక రాత్రి దాడి వేళ వెనక నుంచి తగిలిన తూటాకు ఆయన నేలకొరిగాడు. అప్పటికి నిండా మూడున్నర పదులైనా లేవు. ఈనాడు ఆయన ఇల్లు ఒక మ్యూజియం. ఆయన నేలకొరిగిన రోజును ఇరాన్ వలసపాలనపై పోరాట దినంగా పాటిస్తోంది. పుట్టిన ఊరే ఆయన చరిత్రకు కాపలా కాస్తోంది.

మన దగ్గరా కృషి జరగలేదని అనను. తంగిరాల వెంకట సుబ్బారావు గారు తెలుగు వీరగాథలను జీవితమంతా వెతికి, నరసింహారెడ్డినీ, అదే ఉయ్యాలవాడకు చెందిన దాత బుడ్డా వెంగళరెడ్డినీ రేనాటి సూర్యచంద్రులుగా మన ముందు నిలిపారు. 2019లో వచ్చిన సినిమా నరసింహారెడ్డి పేరును దేశమంతటికీ చేర్చింది. ఓర్వకల్లు విమానాశ్రయానికి ఆయన పేరు పెట్టుకున్నాం. పేరు చేరాల్సిన చోటికల్లా చేరింది, ఇక చరిత్ర చేరాలి. జరగనివాటిని అతికించి ఆయన్ని పెద్ద చేయాల్సిన అవసరం లేదు. 1857కు పదకొండేళ్ల ముందు, పొలం పోయిన కావలివాళ్లతో కుంఫిణీని నిలదీసిన మనిషి ఉన్నంతలోనే చాలా పెద్దవాడు.

అందుకే ఈ సభ ముందు మూడు పనులు పెడుతున్నాను. మొదటిది: మన మండలాల్లో ఇంకా ఆ పాటలు వచ్చిన కోలాటం గురువులు, ముసలమ్మలు ఉన్నారు. వాళ్ల గొంతుల్ని పాటగాళ్ల పేర్లతో, ఊర్లతో సహా రికార్డు చేద్దాం. ఒకే పాట నాలుగు ఊళ్లలో నాలుగు రకాలుగా ఉంటే నాలుగూ దాచుకుందాం. రెండోది: ఆనాటి కడప జిల్లా కాగితాల్లో ఈ తిరుగుబాటుకు సంబంధించినవన్నీ వెతికి తెలుగులోకి తెద్దాం. ముఖ్యంగా శిక్షపడిన ఆ 112 మంది పేర్లు, ఊర్లు, వృత్తులు. మూడోది: ఈ రెంటినీ ఒకే పుస్తకంలో ఎదురెదురు పుటల్లో అచ్చువేసి మన జిల్లాలోని ప్రతి బడికీ అందిద్దాం.

ఆ 112 మంది వారసులు ఈ సభలోనే కూర్చుని ఉండవచ్చు. తమ ముత్తాత పేరు పుస్తకంలో చూసుకునే హక్కు వాళ్లకుంది. ఆ హక్కు నిలబెట్టే పనికి ఈ సదస్సు నాంది పలకాలని కోరుతూ, పత్రసమర్పణకు మొదటి వక్తను ఆహ్వానిస్తున్నాను.