గండికోటలో రాత్రి షో పెడితే ముందు ఏం వినపడాల?

మన వేంపల్లె నుంచే మాట్లాడుతున్నా. బీటెక్ అయినాక కొన్నేళ్లు బెంగళూరులో కోడ్ రాసి, ఇప్పుడు కెమెరా ముందు కూర్చున్నానని పాతవాళ్లకు తెలుసు. కొత్తగా వచ్చినవాళ్లకు వెల్‌కమ్. ఈరోజు టాపిక్ పాత కోటల్లో పెట్టే సౌండ్ అండ్ లైట్ షోలు. ఇయర్‌ఫోన్స్ ఉంటే పెట్టుకోండి, లేకున్నా పర్లేదు.

ముందు మా అవ్వ సంగతి చెప్తా. నేను స్కూల్లో ఉన్నప్పుడు ఒక కోటలో షో చూసేదానికి పోయినాం. ఏ కోట అనేది వద్దులెండి. అవ్వకు అప్పటికే చూపు సరిగ్గా ఆనదు. "కనపడకుంటే ఏమిలే, కత ఇంటా" అని మాతో వచ్చింది. పది నిమిషాలైనాక నా చెయ్యి పట్టుకుని, "ఏం చెప్తాండాడ్రా అబ్బీ?" అనింది. నాకూ అర్థం కాలే. ప్రతి మాటా రెండుసార్లు వినపడతా ఉంది. బస్సులో వచ్చేటప్పుడు, "కండ్లు పోయినాయి, ఇంక చెవులు కూడా పోతాండాయేమో" అనింది. ఆ మాట నేను మర్చిపోలే. తప్పు అవ్వ చెవులది కాదు, స్పీకర్లు పెట్టినవాళ్ల లెక్కది. అది నాకు ఇంజినీరింగ్ అయినాక గానీ తెలీలే.

లెక్క చాలా సింపుల్. శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది. మీకు 10 మీటర్ల దూరంలో ఒక స్పీకర్, 78 మీటర్ల దూరంలో ఇంకొకటి ఉన్నాయనుకోండి. తేడా 68 మీటర్లు, అంటే సెకనులో ఐదో వంతు. దగ్గరిది "రాజు" అని ముగించే లోపల దూరంది "రా" అని మొదలుపెడుతుంది. దానికి కోట గోడల ప్రతిధ్వని కలిస్తే ఇంక అంతా గోల. మందేంటంటే, దగ్గరి స్పీకర్‌ను 200 మిల్లీసెకన్లు ఆలస్యంగా మోగించాల. కోడ్‌లో డిలే పెడతాం చూడండి, అట్లనే. రెండు శబ్దాలూ ఒకేసారి చెవికి చేరతాయి. దూరంగా రెండు పెద్ద స్పీకర్లు పెట్టి హోరెత్తించేకంటే, జనం దగ్గర చిన్నచిన్నవి ఎక్కువ పెట్టి తక్కువ సౌండ్‌తో నడిపితే మాట ఇంకా స్పష్టంగా ఉంటుంది.

ఇట్లాంటి షోలు ఫ్రాన్స్‌లో మొదలైనాయి. 1952లో షాంబోర్ అనే కోటలో పాల్ రాబర్ట్ హుడాన్ అనే ఆయన మొదటిది పెట్టినాడు. ఆయన తాత పేరున్న ఇంద్రజాలికుడు. మన దేశంలో 1965లో ఢిల్లీ ఎర్రకోటలో వచ్చింది. గోల్కొండలో 1993లో మొదలైంది, అప్పటి ఇంగ్లీష్ షోకి అమితాబ్ బచ్చన్ గొంతు ఇచ్చినాడు. రాయలసీమలో చంద్రగిరి కోటలో కూడా షో పెట్టినారు.

గోల్కొండలో నాకు బాగా నచ్చేది వేరే. ఫతే దర్వాజా గుమ్మటం కింద చప్పట్లు కొడితే, కొండ మీద బాలా హిస్సార్ దగ్గర వినపడుతుంది. కరెంటు లేదు, స్పీకర్ లేదు. ఆ భవనమే ఒక సౌండ్ సిస్టమ్. అందుకే పాత కట్టడంలో షో డిజైన్ చేసేటోడు ముందు అక్కడ నిలబడి ఒక చప్పట కొట్టి వినాల. ల్యాప్‌టాప్ తర్వాత.

ఇప్పుడు మన గండికోటకు వద్దాం. జమ్మలమడుగు నుంచి 15 కిలోమీటర్లు. ఒకే కోటలో మాధవరాయ స్వామి గుడి, జామా మసీదు, పెద్ద ధాన్యాగారం, పక్కనే పెన్నమ్మ చీల్చిన లోయ. పెమ్మసాని నాయకులు ఏలినారు. తర్వాత గోల్కొండ సేనాని మీర్ జుమ్లా పట్టుకున్నాడు. 1652లో టావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వ్యాపారి వచ్చి ఆయన్ను ఇక్కడే కలిసినాడు. ఇంత కథ ఉంది మన కాడ. 2024 నవంబర్‌లో కేంద్రం గండికోట అభివృద్ధికి 77.91 కోట్లు మంజూరు చేసింది. ఆ వార్త చూసినప్పటినుంచి నాకు నిద్ర పట్టలే. నా సొంతానికి ఒక షో డిజైన్ చేసుకున్నా. ఎవరూ అడగలేదు, ఉత్తపుణ్యానికే.

మొదటి ప్లాన్‌లో అన్నీ పెట్టేసినా. గోడల నిండా నీలం, ఊదా రంగు లైట్లు, గుర్రాల డెక్కలు, ఫిరంగుల మోత. టార్చిలైటు మీద రంగు కాగితం చుట్టి ఇంటి కాడ ఎర్రరాయి మీద కొట్టి చూస్తే, నీలం కాంతిలో రాయి చచ్చిపోయినట్టు కనపడింది. ఎర్రరాయి నీలాన్ని చాలావరకు మింగేస్తుంది. దీపం లాంటి పసుపు వెలుగైతే బతుకుతుంది. చెక్కడాలకు ఎదురుగా లైటు కొడితే అన్నీ చదునుగా కనపడతాయి, పక్కనుంచి ఏటవాలుగా కొడితే నీడలు పడి బొమ్మ లేస్తుంది. ఇంకో మాట, ఇది పురావస్తు శాఖ రక్షిత కట్టడం. గోడకు ఒక్క మేకు కూడా కొట్టకూడదు. స్టాండ్లు, వైర్లు అన్నీ మళ్లీ తీసేసేటట్టు నేల మీదనే ఉండాల.

ఆ ప్లాన్ తీసుకుని కోటకు పోయినా. కోట లోపల ఊరుంది, మనుషులు కాపురం ఉంటారు, చాలామందికి ఇది తెలీదు. అక్కడ గొర్రెలు కాసే ఒక తాతకు ఫోన్‌లో చూపించినా. ఓపిగ్గా అంతా చూసి, "బాగుంది అబ్బీ. మరి దినామూ రాత్రి ఈ ఫిరంగులు మోగితే మా పిల్లోళ్లు యాడ పండుకోవాల?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. స్పీకర్ల డిలే లెక్క మిల్లీసెకన్లలో వేసినా గానీ, పక్కనే ఇళ్లున్నాయని ఒక్కసారి కూడా అనుకోలే. చాలా సిగ్గేసింది.

ఇంటికొచ్చి సగం తీసేసినా. ఫిరంగులు పోయినాయి. స్పీకర్లన్నీ ఊరికి వీపు పెట్టి, జనం కాళ్ల దగ్గర చిన్నవి. ఎనిమిదిన్నరకు బంద్. కథ చెప్పే గొంతు సినిమా గొంతు కాదు, మన సీమ యాస, వీలైతే ఆ ఊరోళ్లదే. అప్పుడు షో వల్ల వాళ్లకూ నాలుగు రూపాయలు వస్తాయి. చివర ఐదు నిమిషాలు రికార్డింగ్ ఏమీ ఉండదు. లైట్లు తగ్గించి లోయ గాలి వినమని చెప్పడమే.

ఇది నిజంగా ఎవరైనా కడతారా అంటే, నాకేం హామీ లేదు. కానీ డబ్బు వచ్చే టైంలో అడగకపోతే తర్వాత అడిగి లాభం లేదు. రేపు మన కోటలో ఏ షో వచ్చినా రెండు ప్రశ్నలు అడగండి. కండ్లు ఆనని మా అవ్వలాంటోళ్లకు కథ అర్థమవుతుందా? కోటలో ఉండే పిల్లోళ్లకు నిద్ర పడుతుందా? రెండిటికీ అవునంటే చాలు, టికెట్ నేనే ముందు కొంటా, అవ్వను పక్కన కూర్చోబెట్టుకుని చూస్తా.

మీ ఊరి పక్కన కోటో, గుడో, పాత బంగళానో ఉంటే ఈ ఆదివారం పోయి ఒక చప్పట కొట్టి రికార్డ్ చేయండి. ఏం వినపడిందో కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో మంచివి వినిపిస్తా. ఉంటా మరి, నమస్తే.