ప్రాణం మోసే తాడు
(భిలాయిలో రైల్వే, తపాలా ఉద్యోగుల సభలో ఒక ఉక్కు కార్మికుడు చేసిన ప్రసంగ పాఠం)



మీ సభలో ఉక్కు కార్మికునికేమి పని అని కొందరికి తోచవచ్చును. మీ బండ్లు నడిచే పట్టాలను చేసే ఊరు ఇది. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ గారు మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. తెలుగు జిల్లాల నుండి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబాలెన్నో కలవు. అయితే మనలను కలిపే బంధం మరొకటి కూడా ఉన్నది. వంతెన గర్డరుకు రంగు వేసే కళాసీనీ, తపాలా భవనపు కప్పునెక్కే కూలీనీ, ఇక్కడి షెడ్డు మీద రేకులు మార్చే కాంట్రాక్టు కార్మికునీ పడిపోకుండా ఆపేది ఒక్క తాడే.

2014 జూన్ 12న ఈ కర్మాగారంలో విషవాయువు సోకి ఆరుగురు మరణించారు. 2018 అక్టోబరు 9న గ్యాసు గొట్టం వద్ద మంటలకు పదిమందికి పైగా బలియైనారు. వాటిని దేశమంతా విన్నది. ఒంటరిగా కప్పు మీద నుండి జారినవానికి పత్రికలో ఒక్క వాక్యం దొరకడమే కష్టం.

తాడు ఎంత గట్టిదో అడిగే ముందు, అది దేనికి కట్టబడినదో చూడవలెను. నీరు పారే గొట్టం, కేబులు తట్ట, మెట్ల కమ్మి, మనం నిలుచున్న పరంజా ఇవేవీ తాడు కట్టదగినవి కావు. పరంజా కూలితే తాడు కూడా దానితోనే పోతుంది. పడుతున్న మనిషిని ఆపేటప్పటి కుదుపు అతని బరువుకు ఎన్నో రెట్లు. అందుచేత ఒక్క మనిషికి 2,200 కిలోలకు పైగా తాళగల ఆధారం ఉండవలెనని ప్రమాణం. రెండు అంబాసిడర్ కార్లను దాదాపు వ్రేలాడదీయగలంత! నిలువు తాడుకు ఒక్కరే తగులుకొనవలెను.

అడ్డంగా కట్టే తాడు విషయంలో మనవారు తరచు పొరబడుతారు. వీణ తీగెవలె బిగిస్తే భద్రమనుకొంటారు. నడుమ బరువు పడినప్పుడు తాడు 30 డిగ్రీలు వంగితే, ఒక్కొక్క కొసపై పడే లాగుడు ఆ బరువుకు సమానం. 5 డిగ్రీలే వంగితే దాదాపు ఆరు రెట్లు! అట్లని వదులుగా కడితే మనిషి మరింత క్రిందికి పడతాడు. నేలకు తగలకుండా అంత ఖాళీ ఉండవలెను. ఈ లెక్క మేస్త్రీ కంటిచూపుతో తేలేది కాదు, ఇంజనీరు కాగితం మీద వేయవలసినది.

ఒక పనిచోట (ఊరు పేరు అనవసరం) కొత్త తాడే యాంగిల్ అంచు మీదుగా పోయి, ఒక్క పూటలో సగం పురులు తెగి ఉండగా చూచినాను. అంచు వద్ద మందపాటి కాన్వాసు గానీ, నిలువుగా చీల్చిన రబ్బరు గొట్టం గానీ తొడిగితే సరిపోయేది. నైలాను సుమారు 220 డిగ్రీల వద్ద, పాలీప్రొపిలీన్ 165 డిగ్రీల ప్రాంతంలో కరుగుతాయి. బలం అంతకు చాలా ముందే సన్నగిల్లుతుంది. వెల్డింగు నిప్పురవ్వలు పడేచోట ఉక్కు తాడే శరణ్యం. కానీ రైల్వే మిత్రులు జాగ్రత్త! 25,000 వోల్టుల తీగె సమీపంలో ఆ ఉక్కు తాడే మృత్యువు. ఆమ్లపు ఆవిరి నైలానును తినివేస్తుంది. ముడి వేస్తే ఎంతటి తాడైనా మూడోవంతు నుండి సగం దాకా బలం కోల్పోతుంది.

తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడు ప్రతి ఉదయం తన మోకును చేతులారా తడిమి చూచుకొంటాడు. అది అతని సొత్తు. కర్మాగారంలో తాడు కాంట్రాక్టరుది, ప్రాణం మాత్రం కార్మికునిది. షిఫ్టు మొదలు కాగానే తాడును అంగుళమంగుళం అరచేతితో నిమరవలెను. పురులు విప్పి లోపల పొడి ఉన్నదేమో, ఎక్కడైనా గట్టిపడి మెరుస్తున్నదేమో చూడవలెను. కొక్కెపు నాలుక దానంతటదే మూసుకొనవలెను. ఒక్కసారి పడినవానిని ఆపిన తాడు, ఎంత కొత్తదైనా, ఇక పనికిరాదు. ఆగి వ్రేలాడేవానికి కాళ్ళలో రక్తం నిలిచి నిమిషాలలో స్పృహ తప్పవచ్చును. దించే మనుషులూ సాధనమూ ముందే సిద్ధంగా ఉండవలెను.

"ఈ తాడు వద్దు" అన్న కాంట్రాక్టు కార్మికునికి మరునాడు పని ఉండదు. కనుక ఆ మాట పర్మనెంటు ఉద్యోగుల సంఘాలు అనవలెను. భద్రతా కమిటీలో అతని ప్రతినిధి కూర్చుండవలెను. పరీక్షించినవారి పేరు, తేదీ తాడుకే తగిలించవలెను. తిరస్కరించిన తాడును స్టోరు మూలన పడవేస్తే, వారం తిరగకముందే మరొకని నడుముకు చేరుతుంది. దానిని అక్కడే, అందరి ఎదుట, ముక్కలుగా కోయించండి.